పెళ్లికేకు పై అంతస్తు

"చీజ్‌లో దాచి పెట్టినా మాత్ర మింగట్లేదు డెస్! వీడు మన బార్లీయేనా?" అంది మారెన్, కుక్క ముందు గొంతుక్కూర్చుని.

జబ్బుకి వాడే స్టెరాయిడ్ మాత్రల పుణ్యమా అని బార్లీకి రెండేళ్లుగా తీరని ఆకలి. మొన్న వసంతంలో వాళ్ల పెళ్లికేకు కింది అంతస్తును అందరికన్నా ముందు రుచి చూసింది వాడే.

"ఆ రోజు పాస్టర్ గారికి వీడి ఎంగిలే పెట్టాం," అని డెస్ నవ్వించబోయాడు.

మారెన్ నవ్వలేదు. లేచి ఫ్రీజర్లోంచి పై అంతస్తు కేకు తీసింది.

"అది మొదటి పెళ్లిరోజుకని దాచింది కదా!"

"వీడు లేకుండా తింటామా?"

ఇక మందు పనిచేయదనీ, పిలిస్తే ఇంటికే వచ్చి బార్లీని నొప్పి తెలియకుండా సాగనంపుతాననీ పొద్దున పశువుల డాక్టరమ్మ చెప్పింది. మారెన్ ససేమిరా అంది.

ఆమె మాత్రను కాస్త మెత్తబడ్డ క్రీములో గుచ్చి అందించింది. బార్లీ వాసన చూశాడు. ఆమె నొచ్చుకుంటుందేమోనన్నట్టు తోక కాస్త ఆడించి, మొహం తిప్పుకున్నాడు.

మారెన్ గోటితో మాత్రను పెకలించి పక్కన పెట్టింది. ఉత్త క్రీము వేలికి రాసి చాపింది. బార్లీ మెల్లగా నాకాడు.

"తింటున్నాడు! ఇప్పుడు మాత్ర పెట్టి చూడు," అన్నాడు డెస్ ఆశగా.

"వద్దు. వీణ్ణి ఇంక మోసం చెయ్యలేను," అంది మారెన్, మళ్లీ వేలు ముంచుతూ. "డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. ఈ కేకు అయ్యాక."