విడి పంక్తి

నా భార్య సువర్చల పేగుల్లోని వైరస్‌ల మీద పరిశోధన చేస్తూనే జీవితం వెళ్లబుచ్చింది. రోగాలతో పోరాడటం ఒంటికి నేర్పే మంచి వైరస్ చివరికి తన పేగులోనే దొరికింది. ఇప్పుడు దేశమంతా పొద్దున్నే మజ్జిగలో దాని చుక్క వేసుకుని తాగుతోంది. నేను తాగను.

ఆవిడ సంవత్సరీకం భోజనాలకు వెళితే, హాలు గుమ్మంలో చుక్క తాగానో లేదో తేల్చే గొట్టం ఊదమన్నారు. ఎర్ర దీపం వెలిగింది. చుక్క తాగనివాళ్లకు చేతులు కడిగే చోట విడి పంక్తి. పంక్తి భేదాలు పోయాయని మా ఊరి బడిలో పాఠం చెప్పారు. పాపం, ఆ మాస్టారికి సైన్సు రాదు.

మా అమ్మాయి హైమ మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చింది.

“పరువు తీయకు నాన్నా! ఈ చుక్క అమ్మదే కదా. ఇక్కడ అందరి కడుపులోనూ అమ్మ ఉంది, ఒక్క నీ కడుపులో తప్ప.”

“ల్యాబు వదిలి భోజనానికి రావే అంటే ఒక్క పూటా రాలేదు మీ అమ్మ. ఇప్పుడు మజ్జిగలో వస్తుందా?”

“తాగితే నా పక్కన కూర్చుంటావు. లేకపోతే ఒక్కడివే తినాలి.”

గ్లాసు దాని చేతికే ఇచ్చేసి, విడి పంక్తిలో ఆకు వేయించుకున్నాను. ఒంటరి భోజనాన్ని తట్టుకునే శక్తి ఆవిడ నాకు ఏ చుక్కా లేకుండానే ఇచ్చి పోయింది.