గేర్‌బాక్సుతో సహా

వ్యాన్ గేటు ముందు ఆగీ ఆగగానే ఇన్‌స్పెక్టరుగారు వాచీ చూసుకున్నారు.

"ఇప్పటికి దారి తెలిసిందా? మూడు రోజులుగా కాచుక్కూర్చున్నాను."

దిగిన ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఒకడు పొడుగువాడు. రెండోవాడు వాడి బావ, బట్టతల. బట్టతలవాడు ఏదో చెప్పబోయాడు.

"సాకులొద్దు. కారు షెడ్డులో ఉంది. పదండి."

ఆయన ముప్పై నాలుగేళ్ళు ఫ్యాక్టరీలు తనిఖీ చేసి రిటైరయ్యారు. ఎదుటివాడి పనిలో తప్పు పట్టడమే ఆయనకి తెలిసిన పని. చేత్తో పనిచేసేవాళ్ళంటే మొదట్నుంచీ చులకన. వ్యాన్‌లోకి తొంగిచూశారు. తుప్పు పట్టిన సైకిల్ ఫ్రేము, మూత ఊడిన వాషింగ్ మెషీను, నాలుగు ఇనప ఊచలు. బండే ఇలా ఏడిస్తే వీళ్ళ పనెలా ఉంటుందో అనుకున్నారు.

షెడ్డులోది పెళ్ళయిన కొత్తలో కొన్న కారు. పద్దెనిమిదేళ్ళుగా కదల్లేదు. ఆ రకం ఇంజన్లు ఇప్పుడెక్కడా తయారు కావడం లేదు. ఎంతమంది అడిగినా ఆయన అమ్మలేదు. అడిగినవాళ్ళలో ఒక్కడికీ దాన్ని ముట్టుకునే యోగ్యత లేదని ఆయన అభిప్రాయం. ఇంజన్ దింపించి, బాగుచేయించి, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ నడపాలి. అందుకోసం కారు మాన్యువల్ ఆసాంతం చదివారు. చెయిన్ పుల్లీ తెప్పించి షెడ్డు దూలానికి బిగించారు.

"ఇంజన్ ఎప్పుడైనా దించారా?"

"లేద్సార్. ఇదే మొదలు" అన్నాడు పొడుగువాడు.

"మీ మొహాలే చెబుతున్నాయి."

వాడు తిన్నగా వెళ్ళి రంపం తీసి సైలెన్సర్ గొట్టం మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరుగారు ఒక్క అంగలో వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నారు.

"రంపమేమిటయ్యా? బోల్టులున్నాయి, కళ్ళు కనపడవా? ముందు రేడియేటర్‌లో నీళ్ళు వదలండి. తర్వాత ఇంజన్ ఆయిలు."

కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు సవరించుకుని, మాన్యువల్ తెరిచి ఒక్కో వాక్యం చదివి చెప్పారు. బానెట్ తీయించారు. రేడియేటర్ ఊడదీయించారు. ప్రతి వైరుకీ చీటీ కట్టమన్నారు.

"చీటీలెందుకు సార్?"

"ఏది ఎక్కడిదో తెలియడానికి. నీకు ఎలాగూ తెలీదు."

భార్య టీ తెచ్చింది. చెమటలు కక్కుతున్న బావాబావమరుదుల్ని చూసి జాలిపడింది.

"వచ్చినప్పట్నుంచీ మీరే మాట్లాడుతున్నారు. వాళ్ళని కాస్త నోరు విప్పనివ్వండి."

"ముందు బోల్టులు విప్పనీ. నోరు విప్పితే ఏమొస్తుందో నాకు తెలుసు."

బట్టతలవాడు కారు కిందనుంచి తల బయటపెట్టాడు. "గేర్‌బాక్సు కూడానా సార్?"

"అది లేకుండా ఇంజనొక్కటీ పట్టుకుపోయి ఏం చేసుకుంటారు? రెండూ కలిపే దించాలి. నూట పద్నాలుగో పేజీ."

మధ్యాహ్నానికి అంతా వదులైంది, ఒక్క బోల్టు తప్ప. పొడుగువాడు స్పానర్ మీద వేలాడినా అది కదల్లేదు. ఇన్‌స్పెక్టరుగారు విసుగ్గా లేచారు. చొక్కా చేతులు మడిచి, స్పానర్ పిడికి ఇనప గొట్టం తొడిగి, రెండు చేతులా నొక్కారు. కీచుమని తిరిగింది. జీవితంలో మొదటిసారి ఆయన అరచేతులకి గ్రీజు అంటింది. ఎందుకో ఒంట్లో ఇరవయ్యేళ్ళు తగ్గినట్టనిపించింది.

గొలుసు లాగారు. ఇంజన్ ముక్కు పైకెత్తి, వెనకాల గేర్‌బాక్సుని ఈడ్చుకుంటూ, ఎక్కడా గీరుకోకుండా బయటికొచ్చి గాల్లో ఊగింది.

"చూశారా? పుస్తకం చదవడమొస్తే చాలు. మీకు ఏళ్ళు పట్టేది."

"అవున్సార్" అన్నారిద్దరూ.

వ్యాన్‌ని షెడ్డులోకి రప్పించి, వాషింగ్ మెషీన్ని ఆయనే పక్కకి జరిపించి, కింద పాత దుప్పటి పరిపించి, ఇంజన్ని అందులోకి దింపించారు. బోల్టులన్నీ డబ్బాలో పోసిచ్చారు.

బట్టతలవాడు తల గోక్కున్నాడు. "నిజంగా తీసుకుపోమంటారా సార్?"

"తీసుకుపోక, ఇక్కడ పడుకోబెట్టి జోల పాడమంటావా? జాగ్రత్తగా పోనివ్వు. గుంటల్లో ఎగరేశావంటే ఊరుకోను."

ఇద్దరూ దణ్ణం పెట్టి వ్యాన్ ఎక్కారు. ఆ దణ్ణంలో మటుకు ఏ లోపమూ కనిపించలేదాయనకి.

"నా సర్వీసు మొత్తంలో ఇంత పని రానివాళ్ళని చూడలేదు" అన్నారు భార్యతో, సబ్బుతో చేతులు రుద్దుకుంటూ. "నేను లేకపోతే కారుని ముక్కలు చేసి పోయేవాళ్ళు. వాళ్ళ ఓనరుతో గట్టిగా మాట్లాడాలి."

అంతలో ఫోను మోగింది. ఆయన తడిచేత్తోనే అందుకున్నారు.

"సార్, వర్క్‌షాపు నుంచండీ, ఇవాళ కూడా మావాళ్ళు మీ ఇంటికి రాలేకపోయారు, ఏమనుకోకండి, రేపు పొద్దున్నే పంపిస్తాను."