ఎత్తిన తెడ్డు

"మీ అమ్మను మట్టిలో పెట్టి నలభై రోజులైంది. ఇప్పుడా రావడం, మా ఇంటి బానిసా?"

భుజం మీది సంచి దించబోతున్న కూకా అలాగే నిలబడిపోయాడు. అమ్మ పోయిందని తెలిసింది ఆ మాటతోనే. పక్కింటి మార్సెలిన్ సామో తెగ మనిషి, కూకా వాళ్ళు మోసీలు. ఈ రెండు తెగలకీ తాతల నాటి వేళాకోళం. ఈ వగాడుగు పట్నంలో చావింట్లో కూడా ఒకరినొకరు తిట్టుకోకపోతేనే తప్పు.

"కుక్క తలకాయలు తిని నువ్వు మాత్రం గుండ్రాయిలా ఉన్నావత్తా" అన్నాడు మర్యాద కోసం. ఆ వెంటనే గుమ్మంలో కూలబడి ఏడ్చాడు.

దూరం నుంచి వచ్చినవాళ్ళకిచ్చే పిండి నీళ్ళు మార్సెలిన్ తెచ్చిచ్చింది.

"నువ్వు పట్టాళంలో ఉన్నప్పుడే గొంతు ఆపరేషన్ అయింది, ఆ తర్వాత మీ అమ్మ టిపోకోకి నోరు పెగిలేదే కాదు. మేకల్ని కూడా తెడ్డు ఊపే పిలిచేది. అవింకా ఈ గుమ్మం వైపే చూస్తున్నాయి, పిచ్చి ముండలు. తొమ్మిదేళ్ళు ఎక్కడ చచ్చావురా?"

"కోకో తోటల్లో. దేశం దాటి."

"ఒక్క కబురు పంపలేకపోయావా?"

"ఏ మొహంతో పంపను? అమ్మ నా మీదికి సంకటి తెడ్డు ఎత్తింది కదత్తా."

కన్నతల్లి కొడుకు మీదికి సంకటి తెడ్డు ఎత్తితే వాడిక మగాడు కాడు, బాగుపడడు. ఎత్తిన చెయ్యే దాన్ని దించితే తప్ప ఆ శాపం పోదు. ఇది అక్కడ పసివాళ్ళకీ తెలుసు.

"ఎప్పుడు ఎత్తింది?"

"ఆ అక్టోబరులో. ఆడవాళ్ళంతా ఊరేగింపుగా వచ్చిన రోజు."

ఇరవై ఏడేళ్ళు ఏలిన అధ్యక్షుడు చట్టం మార్చి మళ్ళీ కూర్చుంటానన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళకి ఒళ్ళు మండింది. వందల తెడ్లు వీధినపడ్డాయి. వాళ్ళకి అడ్డంగా తుపాకులతో నిలబెట్టిన సైనికుల వరసలో కూకా ఒకడు.

"నేనూ ఉన్నానురా ఆ గుంపులో" అంది మార్సెలిన్. "మేం ఎత్తింది ఆ ముసలాడి మీద. నాలుగు రోజుల్లో దేశం విడిచి పోయాడు."

"అందరూ వాడి పేరు పెట్టి అరిచారు. అమ్మ అరవలేదు. వాడుండే భవనం వైపు చూడనైనా లేదు. మా వరసంతా వెతికి వెతికి నన్ను పట్టుకుంది. నా కళ్ళలోకి చూస్తూ ఎత్తింది. కాల్చమంటే కాలుస్తాననుకుందో ఏమో! తుపాకీ అక్కడే పారేసి పరిగెత్తాను."

ఆ పరుగు తొమ్మిదేళ్ళు ఆగలేదు. తోటలో కాయ కుళ్ళితే తెడ్డు వల్లే అనుకున్నాడు, తనకి జ్వరమొస్తే తెడ్డు వల్లే అనుకున్నాడు. మనసిచ్చిన ఆవా పెళ్ళి మాటెత్తితే, ఆ పిల్ల బతుకు పాడుచేయడం దేనికని చెప్పాపెట్టకుండా తోట మారాడు. ముప్ఫై దాటాయి. అమ్మ కాళ్ళు పట్టుకుని తెడ్డు దింపించుకోవాలని ఇన్నాళ్ళకి ధైర్యం చేసి బస్సెక్కాడు. ఆ ధైర్యమేదో రెండు నెలల ముందు వచ్చినా బాగుండేది.

"పోయేముందైనా దించిందా అత్తా? నీతో ఏమైనా చెప్పిందా?"

"నన్ను చూసి వాడెందుకు పారిపోయాడని సైగలతో అడిగేది. రోజూ అడిగేది. నేనేం చెప్పను, నాకు మాత్రం తెలుసా?" మార్సెలిన్ ముందుకు వంగింది. "కూకా, బాగా గుర్తు తెచ్చుకో. ఆ రోజు దాని రెండో చేతిలో ఏముంది?"

"గుడ్డ మూటేదో పొట్టకి అదుముకుంది. నా నెత్తిన పోయడానికి బూడిద తెచ్చిందనుకున్నా."

మార్సెలిన్ లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చి, అతని ముందు చతికిలబడి, ఒక మూట నేల మీద పెట్టింది.

"ఇదేనా?"

నీలం పువ్వుల గుడ్డ. కూకా తలూపాడు.

"మీ వాళ్ళని మూడు రోజుల నుంచి రోడ్డు మీదే నిలబెట్టారని ఎవడో వచ్చి చెప్పాడు. ఇక కాలు నిలవలేదు దానికి. అక్కడ గొడవగా ఉంది, గొంతు లేనిదానివి నువ్వు రాకే అన్నా వినలేదు."

ముడి విప్పింది. లోపల మూత పెట్టిన సత్తుగిన్నె, ఖాళీది.

"తెడ్డు ఎత్తిన మాట నిజమే" అంది మార్సెలిన్, కళ్ళు తుడుచుకుంటూ.

"నిన్ను బువ్వకి పిలిచిందిరా."