కామాక్షయ్య పీట

హెబ్రోను మాస్టరును ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా వేశారని తెలిసిన సాయంత్రం, పాలెంలో సగంమంది వలలు బాగుచేయడం ఆపి ఆటస్థలానికి వచ్చారు. స్వాగతం చెప్పడానికి కాదు.

హెబ్రోను బోగోలు వైపు ఒక మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. మెత్తని మనిషి. గీత పక్కన చెక్క పీట కనబడితే కూర్చోబోయాడు.

"అది కామాక్షన్న పీట. లెయ్," అన్నాడు జనంలోంచి మాల్యాద్రి అనే అతను.

పాలెంలో జట్టును పుట్టించింది కామాక్షయ్య. ఇసుకలో కుర్రాళ్లను పరుగెత్తించి, ఎదుటి జట్టు వాకాడు వాళ్లకు దడ పుట్టించిన కోచ్ అతనే. ఇప్పుడు ఊళ్లో లేడు. కోచ్ లేని జట్టును ఆడనిచ్చేది లేదని పోటీలు నడిపేవాళ్లు అంటే క్లబ్బు పెద్ద గంగాధరం గారు హెబ్రోనును పెట్టారు.

"కామాక్షన్న వచ్చేదాకా నిలబడి చూసుకో మాస్టరూ. ఇక్కడే కుదురుకుందామని మాత్రం అనుకోబాక."

హెబ్రోను లేచాడు. ఆ తర్వాత ఏనాడూ అక్కడ కూర్చోలేదు.

కామాక్షయ్య భార్య పేరమ్మ అప్పటికే గంజి చెంబుతో వచ్చి నిలబడి ఉంది. నుదుట రూపాయంత బొట్టు. మొగుడు కోచ్‌గా ఉన్నప్పుడు తెచ్చినట్టే రోజూ తెచ్చేది. పైట కొంగుతో పీట మీద ఇసుక తుడిచేది. ఆట అయ్యాక గంజి కుర్రాళ్లకు పోసి వెళ్లేది. ఆమె కనబడితే చాలు, జనం నోళ్లు ఇంకా పెద్దవయ్యేవి.

ఆటకు ముందు హెబ్రోను ప్రార్థన చేస్తే, పోలేరమ్మకు మొక్కే చోట ఇదేమిటన్నారు. మానేస్తే, దైవభయం లేనివాడన్నారు. జట్టు గెలిస్తే అది కామాక్షయ్య నేర్పిన ఆట. ఓడితే హెబ్రోను నేర్పింది. పైనుంచి ఎవరు వింటున్నా నొచ్చుకునే ఉంటారు.

ఒకరోజు పేరమ్మే అడిగింది.

"మా ఆయన రాంగానే మీరు వెళ్లిపోతారు గదా మాస్టరూ?"

"పోతానమ్మా. ఆయన చోటు నాకెందుకు?"

"ఇచ్చేదెవురులే," అన్నాడు మాల్యాద్రి. అందరూ నవ్వారు.

ఇంటికి పోతే, ఇన్ని మాటలు పడటం దేనికి, మానేసి రమ్మని భార్య రెబెక్కమ్మ పోరేది. హెబ్రోను మర్నాడు మళ్లీ ఆటస్థలానికి వచ్చేవాడు.

చివరి ఆటలో వాకాడును ఓడించి కప్పు గెలిచారు. వాకాడు పెద్దమనిషి ఒకాయన ఉండబట్టలేక, "మీ కొత్త మాస్టరు బంగారమయ్యా. పాతాయన కన్నా..." అన్నాడు.

మాల్యాద్రి అడ్డం వచ్చాడు. "ఇదొక ఆటా? కామాక్షన్న ఉంటే ఇంకో నాలుగు గోల్సు కొట్టించేవాడు," అని హెబ్రోను కాళ్ల ముందు ఉమ్మేశాడు. కప్పు తీసుకుపోయి పీట మీద పెట్టాడు. జనం ఈలలు వేశారు. హెబ్రోను తల వంచుకున్నాడు.

పేరమ్మ ముఖం వెలిగింది. కప్పును కొంగుతో తుడిచింది. "ఆయన వచ్చినాక చూసి మురిసిపోతాడు," అని చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె సరుగుడు తోపు దాటేదాకా ఈలలు ఆగలేదు. దాటగానే ఒక్కసారిగా ఆగిపోయాయి. మాల్యాద్రి వంగి, తాను ఉమ్మిన చోట ఇసుక కప్పాడు.

"కాళ్ల మీద పడిందా మాస్టరూ?"

"లేదులే. రేపు ఇంకాస్త గట్టిగా తిట్టు మాల్యాద్రన్నా. ఇయ్యాల ఆమె అనుమానంగా మన మొహాలే చూస్తా ఉండింది."

గాలివానలో పడవతో పోయి, శవమైనా ఒడ్డుకు చేరని కామాక్షయ్య చోటు ఇంకొకరిదైందని పాలెం ఒప్పుకున్న రోజున, ఆచారం ప్రకారం పేరమ్మ బొట్టు తుడిచేయాలి.