దిగని మనిషి

ఓడలో మిగిలిన ఒకే ఒక్క కిటికీ గది చేజారిన రోజు నుంచీ ఆమెకు ఆ టోపీ పెద్దాయనంటే ఒళ్ళుమంట.

టిక్కెట్ల ఆఫీసులో సరిగ్గా ఆమెకు ముందు కూర్చుని, ఆ గది తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

"ఆయన ఒక్కడే కదండీ. మేమిద్దరం. ఆ గది మాకివ్వచ్చుగా?" అని గుమస్తాను బతిమాలింది.

"అయిపోయిందమ్మా. లోపలి గది ఉంది, తీసుకోండి. అదే మంచం, అదే భోజనం. కిటికీ ఒక్కటే ఉండదు."

"మా అమ్మకు మతిమరుపండీ. కిటికీ లేకపోతే పగలో రాత్రో తెలీదు. భయపడిపోతుంది."

"గోడకి సముద్రం బొమ్మ ఉంటుందిలెండి" అన్నాడు గుమస్తా.

వాయిదా వేద్దామంటే తల్లి మనసు రోజురోజుకీ ఖాళీ అవుతోంది. "సముద్రం చూపించవే" అన్న కోరిక ఒక్కటే ఇంకా ఆమె నోట్లో మిగిలి ఉంది.

లోపలి గదే తీసుకుంది.

తీరా ఓడెక్కితే, టోపీ పెద్దాయన గది వాళ్ళకు ఎదురుగానే!

భయపడ్డట్టే అయింది. పైన డెక్ మీద సముద్రం చూసినంతసేపూ తల్లి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. గదిలోకి రాగానే గోడలు తడిమి ఏడుపు లంకించుకుంది.

"నన్ను బావిలో దించావేమే? పైకి తియ్యవే!"

మాత్ర వేసి, చెయ్యి పట్టుకుని కూర్చుంటే గాని నిద్రపోలేదు.

మర్నాడు తలుపు చప్పుడైంది. ఎదురుగా టోపీ పెద్దాయన.

"అమ్మాయ్, మీ అమ్మగారి ఏడుపు వినిపిస్తోంది..."

"చెవుల్లో దూది పెట్టుకోండి!"

ఆయన మొహం మీదే తలుపు వేసింది.

ఓడ మొదటి రేవు చేరిన రోజున తల్లి తన మాత్రలన్నీ తీసి వాష్‌బేసిన్‌లో కరిగించేసింది. ఓడ డాక్టరు దగ్గర ఆ మందు లేదు. ఊళ్ళో దొరుకుతుందన్నాడు.

రేవు ఊళ్ళు తిప్పి చూపించే విహారయాత్రల బల్ల దగ్గరకు ఆమె పరుగెత్తింది.

"మా బస్సు కోటకు వెళ్తుందమ్మా, బజారుకు కాదు" అన్నాడు అక్కడి గైడు.

"టాక్సీలో వెళ్ళొస్తాను."

"వెళ్ళండి. కానీ ఒక్క మాట. మా బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు."

కోట బస్సు కోసం వెనక నిలబడ్డ టోపీ పెద్దాయన తల తిప్పి చూశాడు. ఆమె చూపు మరల్చుకుంది.

గదులు సర్దే ఆవిడ చేతులు పట్టుకుంది. "అక్కా, కాస్త అమ్మను కనిపెట్టుకుని ఉండండి. ఇట్టే వచ్చేస్తాను."

ఇట్టే రావడం కుదరలేదు. ఏ షాపులో అడిగినా "పక్క షాపులో చూడండి" అన్నారు. చిట్టచివరికి దొరికింది. తిరిగి వస్తుంటే టాక్సీ ఆగిపోయింది.

"వంతెన మీద లారీ తిరగబడిందమ్మా. నాకేమైనా రెక్కలున్నాయా?" అన్నాడు డ్రైవరు.

ఓడకు ఫోన్ చేసింది.

"తర్వాతి రేవుకు వచ్చి కలవండి మేడమ్."

"మా అమ్మ లోపల ఉందండీ! నేను కనిపించకపోతే ఆవిడ ప్రాణం నిలవదు!"

"మీ బాధ అర్థమైంది మేడమ్. ఓడ ఆగదు."

దిగి పరుగందుకుంది. చెప్పులు చేత పట్టుకుని, లారీల మధ్య నుంచి, జనాన్ని తోసుకుంటూ. దారిలోనే ఓడ కూత వినిపించింది. అయినా ఆగలేదు.

రేవులో ఓడ ఇంకా ఉంది!

పక్కనే కోట బస్సు. తలుపు దగ్గర గైడు చేతులు జోడిస్తున్నాడు.

"పెద్దాయనా, మీకు పుణ్యముంటుంది. దిగండి. మీరు దిగితే గాని నిచ్చెన ఎత్తడానికి లేదు."

"కళ్ళజోడు పోయిందయ్యా. అది లేకుండా దిగి నీళ్ళల్లో పడమంటావా?"

"బస్సుతో సహా ఎత్తి పడెయ్యండయ్యా!" అని డెక్ మీద నుంచి ఎవరో అరిచారు. అంతా నవ్వారు.

అప్పటిదాకా బిగబట్టిన ఏడుపంతా ఆమెకు కోపమై తన్నుకొచ్చింది.

"మీ కళ్ళజోడు కోసం ఇంతమందిని నిలబెడతారా? వయసొస్తే సరా? సిగ్గుండక్కర్లా?"

పెద్దాయన కిటికీలోంచి ఆమెను చూశాడు. తాపీగా చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీశాడు.

"అరెరె! ఇక్కడే ఉందయ్యా" అంటూ లేచాడు.

జేబులో పెట్టుకుని ఊరంతా వెతికించాడు, మాయదారి మనిషి! మనసులో తిట్టుకుంటూనే నిచ్చెనెక్కింది.

తల్లి మంచానికీ గోడకీ మధ్య ముడుచుకుని వణుకుతోంది. కూతుర్ని చూడగానే చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుంది. ఇక వదల్లేదు.

మర్నాడు ఇంకో రేవు వచ్చింది, దాటింది. ఆమె తల్లిని విడిచి కదల్లేదు. తల్లికి కునుకు పట్టాక తలుపు తీస్తే ఎదురు గదిలో దుప్పట్లు మారుస్తున్నారు.

"ఏమక్కా, పీడ విరగడైందా?"

"పొద్దున దింపేశారమ్మా. కావాలని ఓడను ఆపితే తర్వాతి రేవులో దింపేస్తారు."

"కావాలనా? చాదస్తం అనుకున్నానే."

గదులు సర్దే ఆవిడ దుప్పటి మడత ఆపింది.

"కెప్టెన్ అడిగితే దాచకుండా చెప్పేశారట. కోట నుంచి రాగానే, టాక్సీలో వెళ్ళిన అమ్మాయి వచ్చిందా అని గైడును అడిగారట. రాలేదనగానే మళ్ళీ బస్సెక్కి కూర్చున్నారట."

ఆమె ఆ ఖాళీ గది కిటికీ వైపు చూసింది.

"మొన్న మీ తలుపు తట్టింది కూడా, గదులు మార్చుకుందామని చెప్పడానికేనమ్మా. పక్కలు మార్చమని ముందే నాతో చెప్పి మరీ వచ్చారు."

ఆమె మెట్లెక్కి డెక్ మీదకు పరుగెత్తింది. రేవు అప్పటికే కనుమరుగైంది.

ఆయన పేరు అడిగితే, ప్రయాణికుల వివరాలు బయటికి చెప్పకూడదన్నారు.

ఆయనకు పెట్టాల్సిన నమస్కారం ఆమె ఇంతవరకూ పెట్టలేదు.