ముందువరుస కుర్చీ

భీమవరం దగ్గర ఒక పెళ్ళిలో ఆ రాత్రి మా ఆర్కెస్ట్రా. నేను మూడో పాట ఎత్తుకునేసరికి జనమంతా భోజనాలకు లేచిపోయారు. పందిట్లో కుర్చీలు మిగిలాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరికండీ పాడేది?" అని పెళ్ళికూతురి తండ్రి ఆంజనేయరాజు గారిని మైకులోనే అడిగేశాను.

ఆయన ముందువరుసలో కండువా కప్పిన చేతుల కుర్చీ చూపించారు. "మా నాన్నగారిదండి. కిందటేడు కాలం చేశారు. పాటంటే ప్రాణం ఆయనకి. మధ్యలో ఆపకండమ్మా." అలా చెప్పి ఆయనా భోజనానికి వెళ్ళిపోయారు.

కుర్చీకి పాడాలట. మేమంటే అంత లోకువ. చరణం సగంలో ఆపేశాను. తబలా విశ్వనాథం కూడా విసుగ్గా చేతులు కట్టుకున్నాడు.

తాళం మాత్రం ఆగలేదు.

కుర్చీ చేతిమీద ఎవరో ఉంగరంతో కొడుతున్నట్టు, టక్ టక్‌మని చప్పుడు. కండువా కదలడం లేదు.

"నేను కాదండి," అన్నాడు విశ్వనాథం, నేను అడగకముందే.

ఆ చప్పుడు చరణం చివరిదాకా ఒంటరిగా సాగి ఆగింది. నా కోసం ఆగినట్టుంది. నేను పాట అందుకోలేదు.

పల్లవి దగ్గర్నుంచి మళ్ళీ మొదలైంది. ఈసారి దాంట్లో నాకంటే ఎక్కువ కోపం ఉంది.