ఎక్కడిదీ గలగల

“వినపడుతోందా మేస్త్రీ గారూ?” కారు నడుపుతూనే అడిగింది ఆవిడ.

వెనక సీట్లో కూర్చున్న మేస్త్రీకి ఏమీ వినపడటం లేదు. అయినా కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వాల్చి, “ఆ, ఆ... పోనివ్వండమ్మా” అన్నాడు.

కార్లలో చప్పుళ్లు పట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఇంజను పనులు ఎవరైనా చేస్తారు. లోపలెక్కడో సన్నగా గలగలమంటూ మనిషి ప్రాణం తోడేసే చప్పుడుంటే మాత్రం ఈయన దగ్గరికి రావాల్సిందే. చెవుల మేస్త్రీ అని పేరు. ఆ పేరు మీదే షెడ్డు నడుస్తోంది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఏడాదిగా ఆ చెవులే మొరాయిస్తున్నాయి. మనుషుల మాటలు వినపడతాయి, హారన్లు వినపడతాయి, సన్నటి చప్పుళ్లు మాత్రం ఎటు పోతున్నాయో తెలీదు. ఈ సంగతి ఇంటావిడక్కూడా పొక్కనివ్వలేదు. చెవుల పని వేళ్లకి అప్పగించి నెట్టుకొస్తున్నాడు. వదులైన రేకుముక్క ఏదైనా సరే, కారు కదులుతుంటే వేలికింద వణుకుతుంది. ఇన్నాళ్లూ అలాగే గట్టెక్కాడు.

ఇవాళ ఆ వేళ్లు కూడా చేతులెత్తేశాయి. తలుపు అట్ట మీద పెట్టాడు, పైకప్పు తడిమాడు, సీటు బెల్టు కొక్కెం పట్టుకు చూశాడు. ఎక్కడా చిన్న వణుకు లేదు.

షెడ్డుకి తిరిగొచ్చాక ఆవిణ్ణి నిలబెట్టి అడిగాడు. గతుకుల్లో వస్తుందా, మలుపుల్లోనా, బ్రేకు తొక్కితే ఆగుతుందా అని. ఆవిడ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది. ముందువైపు ఎడమ పక్కనట. గతుకుల్లోనేనట. అగ్గిపెట్టెలో నాలుగు పుల్లలు మిగిలితే ఊపినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుందట.

తన బండి వంతు కోసం బల్ల మీద కూర్చున్న టాక్సీ డ్రైవరు టీ గ్లాసు పక్కన పెట్టాడు. “ఇందాక గేటు దాటేప్పుడు నేనూ విన్నాగా. అచ్చం అగ్గిపెట్టే” అన్నాడు.

మేస్త్రీ గుండెల్లో రాయి పడింది. బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నవాడికి వినపడింది, కార్లో కూర్చున్న తనకి వినపడలేదు.

గ్లవ్ బాక్స్ ఖాళీ చేశాడు. కాగితాలు, కళ్లజోడు పెట్టె, ఒక పెన్ను. డిక్కీలో జాకీ గుడ్డలో చుట్టి ఉంది, స్టెప్నీ బిగించి ఉంది. ఇంత బుద్ధిమంతురాలైన కారుని ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. డాష్‌బోర్డు కింద పలక ఊడదీసి టార్చి వేశాడు. ఏ వైరు దాని కొక్కానికి అది ఒద్దికగా వేలాడుతోంది. ఆయన తన భయం కాసేపు మరిచే పోయాడు. ఎక్కడుంటుందీ గలగల? దేనికి ఏది తగులుతోంది? ముప్పై ఏళ్ల పనిలో ఇంత వింత ఎదురవలేదు. చివరికి డాష్‌బోర్డు మీద చెంప ఆనించి, అరచేత్తో తట్టి చూశాడు. కారు ఉలకదు, పలకదు.

“ఏంటి మేస్త్రీ, నీకు దొరకని చప్పుడు కూడా ఉందా?” నవ్వాడు టాక్సీ డ్రైవరు.

అతనికి ఏ పాపమూ తెలీదు. కానీ ఆ మాట సాయంత్రానికల్లా టాక్సీ స్టాండంతా తిరుగుతుంది. వారం తిరక్కుండా, చెవుల మేస్త్రీకి చెవుడట అంటారు.

అప్పుడాయన జన్మలో చేయని పని చేశాడు. స్పాంజి ముక్క కత్తిరించి, ఏ లోపమూ లేని గ్లవ్ బాక్స్ వెనక దాన్ని కుక్కి, మరలు బిగించి లేచాడు.

“దొరికిందమ్మా. ఈ పెట్టె వెనక క్లిప్పు వదులైంది. అదే మీ అగ్గిపెట్టె.”

“నేననుకున్నా, అక్కడే ఉంటుందని” అన్నాడు టాక్సీ డ్రైవరు.

ఆవిడ తాళాలు అందుకుంది. ఒకసారి నడిపి చూద్దాం, మీరూ రండి అని ముందు సీటు తలుపు తెరిచింది. తప్పదు కాబట్టి మేస్త్రీ ఎక్కాడు. అద్దాలు పైకెత్తేసి ఉన్నాయి. మొదటి గతుకు వచ్చింది. ఆయన కళ్లు రోడ్డు మీద లేవు, ఆవిడ ముఖం మీదున్నాయి. అగ్గిపెట్టె మళ్లీ మోగితే ముందు ఆ ముఖంలోనే తెలుస్తుంది. రెండో గతుకు. మూడోది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంకో నాలుగు గతుకులు దాటాక కారుని రోడ్డు పక్కకి తీసి, ఇంజను ఆపింది.

“ఇప్పుడు రావడం లేదు కదమ్మా?” అన్నాడు మేస్త్రీ.

“లేదు. మీకేమైనా వినపడుతోందా?”

గండం గడిచిందన్న సంతోషంలో ఆయన నోటికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. “అబ్బే, పూర్తిగా పోయింది. ఇందాక నా చెవులు హోరెత్తిపోయాయంటే నమ్మండి. అగ్గిపెట్టె అని మీరు భలే చెప్పారు గానీ, నాకైతే పుల్లలు ఎన్నున్నాయో కూడా తెలిసిపోయింది.”

ఆవిడ సీట్లో పూర్తిగా ఆయన వైపు తిరిగింది. ఒక్కో మాటా స్పష్టంగా, నెమ్మదిగా చెప్పింది.

“ఈ కారులో ఏ చప్పుడూ లేదు మేస్త్రీ గారూ, ఎప్పుడూ లేదు. నేను చెవుల డాక్టర్ని, మీ ఆవిడ పంపిస్తే వచ్చాను.”